తగ్గని కట్టెల దొంతర

యుద్ధం ఆగాక వచ్చిన మొదటి చలికాలం అది. మా పక్కింటి రేఫిక్ నాలుగేళ్లు కొండమీద కందకాల్లో గడిపి, కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఎవరైనా గేటు తీస్తే ముఖం కాదు, ముందు చేతులు చూసేవాడు. మందుపాతరల భయంతో, నలుగురూ నడిచిన బాటలో తప్ప గడ్డిలో అడుగు పెట్టేవాడు కాదు.

ఒక ఉదయం అతని భార్య శేవాల వణుకుతూ మా ఇంటికొచ్చింది.

"పిన్నీ, రెండు రోజుల్నుంచి పొయ్యి వెలిగించనివ్వడం లేదు. పిల్ల ఒకటే దగ్గు."

"కట్టెలు లేవామ్మా?"

"ఉన్నాయి. అదే గొడవ! ఎంత వాడినా దొంతర తగ్గట్లేదట. రాత్రి దొంతర చుట్టూ దారం కట్టి చూశాడు. తెల్లారేసరికి తెగి ఉంది."

అతని భయం నాకర్థమైంది. యుద్ధంలో కట్టెకు తొర్ర తొలిచి, పేలుడు మందు కూరి, దొంగిలించేవాడి కోసం వదిలేవారు. పొయ్యిలో పడితే ఇల్లే లేచిపోయేది. రేఫిక్ కూడా అలాంటివి చేశాడని ఊరంతా ఎరుగును.

అసలు ఆ కట్టెలు పెడుతున్నది మా ఆయన ముహరెం. వేకువ నమాజుకు వెళ్తూ రోజూ ఒక మోపు పెట్టేవాడు. దానం గుట్టుగా చేయాలని ఆయన పట్టుదల. వెళ్లి రేఫిక్‌కు నిజం చెప్పమన్నాను.

"చెబితే పుణ్యం పోతుందే," అన్నాడు.

"పిల్ల పోతేనో?" అన్నాను.

ఆయన గొడ్డలి అందుకున్నాడు. నేనూ వెంట రేఫిక్ పెరట్లోకి నడిచాను.

"అవి నేను పెట్టినవేరా, రేఫిక్."

"చాటుగా ఎందుకు, బాబాయ్? నీకేం కావాలి?"

"ఏమీ వద్దు. దేవుడి కోసం పెట్టాను."

"దేవుడి పేరు చెప్పుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను."

ఆ మాట మా ఆయనకు గుచ్చుకుంది. అయినా ఒక కట్టె తీసి, అందరి ఎదుటా నిలువునా చీల్చాడు. రేఫిక్ తన భార్యనీ బిడ్డనీ గోడ చాటుకు పంపి, దూరంగా నిలబడ్డాడు. రెండోది చీలింది. మూడోది చీలింది. అయిదో కట్టెకు రేఫిక్ దగ్గరికొచ్చి చీలిన చెక్కను వాసన చూశాడు.

"గొడ్డలి అలాగా పట్టుకునేది? కాలు నరుక్కుంటావు. ఇటివ్వు."

మిగతావన్నీ తనే చీల్చాడు. ప్రతి చెక్కనూ తిప్పి తిప్పి చూశాడు.

పొయ్యి వెలిగించి, పిల్లకు అడ్డంగా చాలాసేపు నిలబడ్డాడు. మంట నిలదొక్కుకున్నాక పక్కకు జరిగి, పిల్లను వెచ్చదనం దగ్గరికి రానిచ్చాడు.

మేం వచ్చేస్తుంటే గుమ్మంలోంచి కేకేశాడు.

"బాబాయ్, ఇకనుంచి పగలే రా. గేటు దగ్గరే నన్ను గట్టిగా పిలువు."