ఒక మాటకు ఐదు స్పెల్లింగులు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ సామెతలో ఈశ్వరుడి అశక్తత కన్నా, పట్టగలిగీ ఊరుకున్నవాళ్ళ సౌకర్యమే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. నేను చెప్పబోయే మనిషి కూడా చాలాకాలం ఆ సౌకర్యంలోనే బతికాడు.

ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. వైరస్‌ను పురుగు అనేవాడు కనుక అందరూ అతన్ని పురుగులమందాయన అని పిలిచేవారు. ఇరవై రెండేళ్ళ అనుభవం. నమ్మదగిన పనివాడు, అంతకుమించి అనను. మొగుడూ పెళ్ళాల మధ్య వేలు పెట్టకూడదన్నది అతని నియమం. ఏళ్ళ క్రితం ఒక ఇంట్లో, భార్య రాసే ప్రతి అక్షరాన్నీ భర్తకు చేరవేసే ప్రోగ్రామ్ కనబడితే, "ఏదో పురుగమ్మా" అని చెప్పి తీసేసి వచ్చాడు. వారం తిరక్కుండా ఆమె చేతికి కట్టుతో వీధిలో ఎదురైంది. తాను ఆ ప్రోగ్రామ్ తీసేసిన సంగతి ముందుగా ఎవరికి తెలిసిందో అతనికి అప్పుడు అర్థమైంది. అయినా చూపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈసారి పిలిచింది ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసే ఒకామె. నెల సగమవకుండానే ఇంటర్నెట్ అయిపోతోందని ఆమె ఫిర్యాదు.

"సినిమాలు ఎక్కువ చూస్తున్నారేమో?"

"నాకంత తీరికెక్కడిది అన్నయ్యా? నిఘంటువు తప్ప ఇంకోటి తెరవను."

అతను ఫోన్లు, టీవీ ఒక్కొక్కటే ఆపించాడు. మోడెమ్ దీపం మినుకుమంటూనే ఉంది. ఆమె కంప్యూటర్ నుంచి ప్రతి పది నిమిషాలకూ ఏదో బయటికి పోతోంది. పంపుతున్నదాని పేరు ప్రింటర్ ప్రోగ్రామ్. ఆ ఇంట్లో ప్రింటరే లేదు. పైగా దాన్ని ముట్టుకోవద్దని యాంటీవైరస్‌కు ఎవరో స్వయంగా ఆదేశించి ఉన్నారు.

"దీని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసమ్మా?"

"నాకూ, మా ఆయనకీ. పెట్టిందే ఆయన."

అతను కంప్యూటర్‌ను ఆపి, లోపలి ప్రోగ్రామ్ మేలుకోకుండా తన పెన్‌డ్రైవ్‌తో తెరిచాడు. ఆమె తెర తాలూకు వేల ఫోటోలు బయటపడ్డాయి. వాటితోపాటు ఒక జాబితా: ఈ మాటలు రాస్తే వెంటనే తెలియజేయాలి. అక్క. వకీలు. అద్దె ఇల్లు. వాటి కింద, వెళ్ళిపోతా.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారికి స్థిరమైన స్పెల్లింగు ఉండదు. ఆమె ఆ మాటను ఒకసారి రెండు ఎల్‌లతో, ఒకసారి ఒకే ఎల్‌తో, ఒకసారి చివర హెచ్ లేకుండా రాసింది. ఐదు రూపాలూ జాబితాలో ఉన్నాయి, చేర్చిన తేదీలతో సహా. ఆమె మాట వలలోంచి జారిన ప్రతిసారీ భర్త ఆ వలకు ఇంకో కన్ను అల్లాడు. ఐదో తేదీ మొన్నటిది.

పురుగులమందాయన తన ఫోన్‌తో ఆ జాబితాను ఫోటో తీసుకున్నాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఆమె స్పీకర్‌లో పెట్టింది.

"కంప్యూటర్ ఎందుకాపావ్?" అంది భర్త గొంతు.

ఆపినట్టు అతనికెవరూ చెప్పలేదు. ఆమె పురుగులమందాయన వైపు చూసింది. "మెకానిక్ వచ్చాడండీ... నెట్ అయిపోతోందని..."

"ఆయనకివ్వు. ఏంటయ్యా, ఏం దొరికింది?"

"ఏం దొరకలేదు సార్. ప్రింటర్‌దేదో పాత చెత్తుంది, దాని జోలికి పోలేదు. మీ మోడెమ్ ముసలిదైపోయింది, అంతే."

"ఇదా నీ పనితనం? పురుగులమందంటారట నిన్ను. ఉత్త నీళ్ళే!"

"కల్తీ కాలం సార్."

అవతల నవ్వు వినిపించింది. ఫోన్ పెట్టేశాక అతను దాన్ని బల్లమీదే వదిలి రమ్మని ఆమెకు సైగ చేశాడు. బయట మెట్ల దగ్గర ఉన్నదంతా చెప్పాడు.

"మొన్నటిది మా అక్కకి రాశాను," అందామె. "పంపకుండానే చెరిపేశాను కూడా."

"మీరు చెరిపినా ఆయనకి చేరిందమ్మా."

ఆమె తలుపు వైపు తిరిగింది. "తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి."

"తీస్తే పది నిమిషాల్లో తెలుసుకుంటాడు. ఆఫీసు నుంచి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఇరవై నిమిషాలు." ఆమె తలుపు దగ్గర ఆగింది. "అయితే ఉండనీండి. చూసుకోనీండి. నేను నిఘంటువే తెరుస్తాను."

అక్క ఇంటి చిరునామా నోటితోనే చెప్పింది.

అతను ఆ ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా కంప్యూటర్‌ను మళ్ళీ మామూలుగా నడిపించాడు. రసీదు మీద 'లోపం కనబడలేదు' అని రాసి సంతకం చేశాడు. తన వృత్తిలో తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. ఆ మధ్యాహ్నమే ఆమె అక్క ఇంటికి వెళ్ళి, తాను తీసిన ఫోటోలు ఇచ్చి, చూసినదంతా కాగితంమీద రాసి, వకీలు ముందు సాక్ష్యం చెబుతానని పేరూ చిరునామా జతచేశాడు. ఆమె ఇల్లు వదిలి ఎప్పుడు వెళ్తుందని అడగలేదు. భర్త అతన్ని చేతకానివాడని చుట్టుపక్కల చెప్పగా రెండు ఇళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. అతను ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.