గట్టు పగిలినా గీత కదల్లేదు

శనివారం తెల్లవారేసరికి ముసురు పట్టింది. చెరకు గడలు పడిపోకుండా ఆకులతో జడచుట్టు వేయడానికి పిలిచిన నలుగురు కూలీలూ చేలో కాలు దిగబడుతోందని వెనక్కి వెళ్ళిపోయారు. పని ఎలాగూ ఆగింది కాబట్టి నెల రోజులుగా వాయిదా వేస్తున్న ప్రయాణం ఆ రోజే పెట్టుకున్నాను. మా ఊరి కాలువ గట్టులో వచ్చే ఏడాది గట్టు కదిలితే చెప్పే గాజు తీగ పాతుతామని, అది వేశాక గట్టు చూసే లష్కరు అక్కర్లేదని ఒక కంపెనీ వాళ్ళు వచ్చి చెప్పారు. దేవరాపల్లి వైపు ఒక పిల్లకాలువకి ఇప్పటికే వేశామన్నారు. నేను మా నీటి సంఘంలో సభ్యుణ్ణి. సంతకం పెట్టే ముందు చూసి రావాలనిపించింది. మీ ఊళ్ళోనూ ఇదే మాట చెబుతుంటే మీరూ చూసిరావడం మంచిది, అందుకే వివరంగా రాస్తున్నాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్ళు వద్దన్నారు.

మా ఊరి నుంచి చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సుకి ఏడున్నర బస్సులో అరగంట. కాంప్లెక్సు ఎదుట నాలుగు ఇడ్లీలు, టీ కలిపి యాభై రూపాయలు. అక్కడినుంచి దేవరాపల్లి షేరాటోకి ఇంకో యాభై. పదిమంది ఎక్కేదాకా కదలదు కాబట్టి గంటన్నర వేసుకోండి. గట్టు దగ్గర దించమంటే డ్రైవరు నవ్వాడు.

"మలుపు కాడే దిగాల బాబూ. ఆ తీగ ఏసినకాడ్నించి మా ఆటోల్ని గట్టు ఎక్కనీట్లేదు. బరువైపోతాదంట. తీగ పాతడానికి జేసీబీ ఎక్కినప్పుడు బరువు లేదు గావాల!"

మలుపు నుంచి గట్టు మీద కిలోమీటరు నడక. తూము పక్కన రేకుల గదిలో ఒక పెట్టె, ఒక లాప్‌టాప్, కంపెనీ ఇంజనీరు ఉన్నారు. పాతికేళ్ళ అమ్మాయి, పేరు అనూష. ఓపిగ్గా చెప్పింది. తీగ లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. పెట్టెలోంచి దానిలోకి వెలుగు పంపుతారు. దారి పొడుగునా కొంచెం కొంచెం వెలుగు వెనక్కి వస్తుంది. గట్టు జరిగితే తీగ సాగుతుంది, సాగిన చోటి నుంచి వచ్చే వెలుగు మారుతుంది. అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎన్నో మీటరు దగ్గర సాగిందో లెక్క కడతారు. కంటికి కనబడని సాగుడు కూడా, కిలోమీటర్ల దూరంలో ఉన్నా పట్టేస్తుందట. నాకు నచ్చింది. తెర మీద గీత తిన్నగా ఉంది.

"ఎక్కడా ఏమీ లేదు సార్. గట్టు సేఫ్" అంది.

గుమ్మం దగ్గర తడుస్తూ నిలబడ్డ లష్కరు సన్యాసయ్య ఆ మాట విన్నాడు. "అమ్మా, ఆ గీత దినామూ సూస్తన్నారు. ఒక్కపాలి వచ్చి నా మేకులు సూడండి" అన్నాడు. పెట్టె వదిలి రాకూడదని ఆ అమ్మాయికి ఆర్డరు. నేను వెళ్ళాను.

అర కిలోమీటరు అవతల గట్టు పైభాగాన పదిబారల పొడవున పగులు ఉంది. పగులుకి అటొకటి ఇటొకటి వెదురు మేకులు కొట్టాడు సన్యాసయ్య. "నారు పోసినప్పుడు మేకుల మజ్జిన జానెడు. ఇప్పుడు సూడండి" అని చెయ్యి పరిచాడు. జానెడు మీద నాలుగు వేళ్ళు పట్టాయి. గట్టుకి సరిగ్గా కింద ఒక రేకుల ఇల్లు, ఆవు, ఎకరం మడి. సోమవారం ఉదయం ఆరింటికి కాలువకి నీళ్ళు వదులుతారు. ఆ ఇంటావిడ మార్తమ్మ మూడుసార్లు ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్ళి, గట్టు బాగుచేశాకే వదలమని అడిగింది.

"కాగితం తీసి సూపిస్తారు బాబూ. గీత తిన్నగుంది, ఇంటికెళ్ళి తొంగోమంటారు. నీళ్ళొచ్చినప్పుడు ఆ కాగితం అడ్డెట్టుకోవాలా?" అంది.

ఇంతలో ఆమె భర్త ఏసుదాసు వచ్చాడు. ఇక్కడ తీగ పాతిన కూలీల్లో అతనూ ఒకడు. పగులు దగ్గర వానకి మట్టి కొట్టుకుపోయి నల్ల పైపు బయటపడి ఉంది. దాన్ని చూపించి, "ఈ ముక్క నేనే ఏసేనండి" అన్నాడు. "పదేళ్ళు రోడ్లెంట ఇంటర్నెట్టు తీగలు ఏసినోణ్ణి. తీగ లాగుడు తినకూడదు, తింటే తెగిపోద్ది. అందుకే పందికొక్కులు కొరక్కుండా పైపులో పెట్టి, ఎక్కడికక్కడ వదులిచ్చేను. ఇది మా ఇంటి పైన కదా, ఇంకో రెండు సుట్లు ఎక్కువే వదిలేను. గట్టు బారెడు జారినా ఈ తీగకేటీ అవదు."

అతను మంచి పనే చేశానన్న నమ్మకంతో చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. గట్టు లాగితే సాగాల్సిన తీగని, ఏ లాగుడూ తగలకుండా పాతించారు. "ఇది దేనికో నీకెవరైనా చెప్పారా?" అని అడిగాను.

"ఏటి సెప్తారు? గొయ్యి ఇంత లోతు అన్నారు, తవ్వేం. సూపర్‌వైజరు వచ్చి సూసి 'బాగా ఏసేవురా' అన్నాడు."

గదిలో ఉన్న అనూషకి ఫోన్ చేసి, గీత చూస్తూ ఉండమన్నాను. ఏసుదాసు గునపంతో పైపుని ఎత్తాడు. "ఏమీ లేదు సార్." సన్యాసయ్య పైపు మీద ఎక్కి నిలబడ్డాడు. "లేదు సార్." పైపు కోస్తామంటే కంగారుపడింది. "వద్దండీ, కంపెనీ ఆస్తి."

మార్తమ్మ ఫోన్ లాక్కుంది. "మా ఇల్లెవుల ఆస్తమ్మా?"

ఏసుదాసు కత్తితో పైపుని జానెడు మేర కోసి, లోపలి తీగని రెండు పిడికిళ్ళతో పట్టుకుని బిగించి లాగాడు. "వచ్చింది! గీత లేచింది! ఏం చేశారు?" అని ఫోన్లో కేక. ఏం చేశామో చెప్పాను. ఆ అమ్మాయి ఆర్డరు పక్కనపెట్టి వానలో నడిచి వచ్చింది, మేకులు చూసింది, పై అధికారికి ఫోన్ చేసింది. మేం అందరం విన్నాం. గట్టు బాగుందన్న రిపోర్టు వెళ్ళిపోయిందట, నీళ్ళు ఆపమనడం తమ పని కాదట, సోమవారం చూద్దామట.

"సోమారం ఏటి సూస్తాడు? మా మంచాలు ఏ పక్కకి తేల్తాయో సూస్తాడా?" అంది మార్తమ్మ.

ఈ అర కిలోమీటరులో తీగ చెప్పింది నమ్మవద్దని అనూష కాగితం మీద రాసి, సంతకం పెట్టి సన్యాసయ్యకి ఇచ్చింది. అతను సైకిలు మీద ఆఫీసుకి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. కాగితాన్ని తలుపు సందులోంచి లోపలికి తోసి వచ్చాడు. అధికారులకి ఫోన్లు చేస్తే ఒకరు ఎత్తలేదు, ఇంకొకరు సోమవారం రమ్మన్నారు. ఏసుదాసు గట్టు మీద కూర్చుని, "ఒక్క ముక్క సెప్పుంటే మట్టిలోనే పెట్టేవోణ్ణి కదా బాబూ" అని రెండుసార్లు అన్నాడు.

ఆ తీగలో తప్పు లేదు, నా కళ్ళెదుట పనిచేసింది. అది దేనికోసమో పాతినవాడికి చెప్పలేదు. రోజూ గట్టు మీద నడిచేవాడు మేకులు చూడమంటే ఎవరూ చూడలేదు. ఇద్దరినీ వదిలేసి, తిన్నని గీత ఒకటి ప్రింటు తీసి, కింద బతికేవాళ్ళ నోరు మూయించడానికి వాడుకున్నారు. మా ఊళ్ళో లష్కరుని తీసేయడానికి వచ్చే ఏడాది చూపించేది కూడా ఇలాంటి కాగితమే. నేను సంతకం పెట్టడం లేదు. మీ గట్టులో తీగ పాతుతుంటే గొయ్యి పూడ్చకముందే వెళ్ళండి. తీగకి చుట్టూ మట్టి బిగిసి ఉందో, పైపులో వదులుగా పడి ఉందో చేత్తో పట్టుకుని చూడండి. పూడ్చాక ఎవరూ చూడనివ్వరు.

అనూష నాలుగింటికి కంపెనీ జీపులో వెళ్ళింది. నేను అయిదింటి ఆటో ఎక్కాను. మార్తమ్మ, ఏసుదాసు, పిల్లలిద్దరు, ఆవు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ట్రాక్టరు మీద దేవరాపల్లిలో ఆమె చెల్లెలింటికి వెళ్ళిపోయారని సన్యాసయ్య ఫోన్లో చెప్పాడు. ఆదివారం రాత్రి నేనిది రాసేసరికి అతను ఇంకా గట్టు మీదే ఉన్నాడు.