గిటారుకి కాళ్ళు లేవు

పాసయ్యాను! బి.ఏ. పాసయ్యాను! నా నంబరు పేపర్లో పడింది. నందిగామ బస్టాండు పక్కన టీ కొట్లో ఎవరో పెద్దాయన పేపరు చదువుకుంటుంటే ఆయన భుజం మీంచి తొంగి చూశాను. నా నంబరుకి ముందుదీ లేదు, తర్వాతదీ లేదు. నాది మాత్రం ఉంది. "పాసయ్యానండీ!" అని ఆయన చెవిలోనే అరిచాను. ఆయన టీ ఒలకబోసుకుని, "సంతోషం తల్లీ, చెవి పోయింది" అన్నాడు.

మా ఇంట్లో నాకంటే ముందు అయిదో తరగతి దాటినవాళ్ళు లేరు. మా నాన్న వేలిముద్ర మనిషి. మా అమ్మకి బైబిల్లో ఏ పేజీలో ఏ కీర్తన ఉందో తెలుసు గానీ అక్షరం రాదు.

అక్కణ్ణుంచి పోస్టాఫీసుకి పరుగెత్తాను. గుంటూరు హాస్టలుకి ట్రంకు కాల్ బుక్ చేసి, గోడ పక్క బల్ల మీద కూర్చున్నాను. లైను ఎప్పుడు కలుస్తుందో పోస్టుమాస్టరు గారికే తెలియదు. చేతిలో కలం, కాగితాలు ఉన్నాయి, ఒళ్ళు మాత్రం నిలవడం లేదు. అందుకని రాద్దామని కూర్చుంటే కలం చదువు దగ్గర ఆగకుండా మా అన్నయ్య గిటారు దగ్గరికి పోతోంది. పోదా మరి. నా చదువంతా దాని మీదే నడిచింది.

మా అన్నయ్య జగ్గయ్యపేటలో పత్తి మిల్లులో చేసేవాడు. గింజని, దూదిని వేరుచేసే మిషను దగ్గర పని. నేను హైస్కూల్లో ఉండగా ఒకరోజు ఆ మిషను వాడి ఎడం చేతిని లాక్కుంది. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. తక్కిన మూడూ దూదిలో కలిసిపోయాయి. ఆ రోజు దూది బేళ్ళన్నీ మామూలుగానే మద్రాసు వెళ్ళిపోయాయని తర్వాత ఎవరో అంటుంటే విన్నాను.

మిషనరీ ఆసుపత్రికి వాణ్ణి చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. మిల్లు మేస్త్రీ ముందుగా అన్నాడు: "అదృష్టవంతుడివిరా. ఎడం చెయ్యిగా పోయింది. అన్నం తినే చెయ్యి దేవుడు మిగిల్చాడు." మా బంధువులూ అదే అన్నారు. పాస్టరు గారు మంచం పక్కన మోకరించి, కుడిచెయ్యి కాపాడినందుకు దేవుడికి స్తోత్రాలు చెల్లించారు. మిల్లువాళ్ళు చేతిలో పెట్టిన డబ్బు కూడా ఎడం చేతికి తగ్గట్టే ఉంది. మాలో ఎవరికీ అది అన్యాయంగా తోచలేదు. ఎడం చేత్తో ఇవ్వం, పుచ్చుకోం, తినం. అది పోతే ఏమంత పోయినట్టు? కట్టుకట్టే నర్సమ్మగారొక్కతే, "నీకు నొప్పిగా ఉందా నాయనా?" అని అడిగింది. ఆ మాటకి మావాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చాక పలుగూ పట్టలేకపోయాడు, మోకూ లాగలేకపోయాడు. మిరప కోతకి వెళితే ఆడకూలీలు, "ఒంటిచేతి బావా, నీ వరస కూడా మేమే కొయ్యాలా?" అని ఆట పట్టించారు. మర్నాటి నుంచి పొలం పోవడం మానేశాడు. తువ్వాలు ఎడం చేతికి చుట్టుకుని చర్చి అరుగు మీద కూర్చునేవాడు. మాటలు తగ్గాయి. పాట మాత్రం ఉంది. వాడి గొంతు మంచిది.

అప్పుడే పాటల మాస్టారు వచ్చారు. ఆయనకి జగ్గయ్యపేటలో ఒక పాటల పార్టీ ఉండేది. మా వాళ్ళ పెళ్ళిళ్ళకి, ప్రార్థన కూటాలకి మైలవరం దాకా తిరిగేవాళ్ళు. "హార్మోనియం ఉంది, డోలక్కుంది. బెజవాడ పార్టీలన్నిట్లో గిటారుందిప్పుడు. గిటారు తెచ్చుకోరా, నా పక్కన చోటిస్తా" అన్నారు. ఆ పూట మావాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మిల్లు డబ్బుతో గిటారు కొనాలని అయింది. ఇక ఇంట్లో చర్చ: గిటారు కొనేటప్పుడు ఏం చూడాలి? మాలో ఎవరూ గిటారుని దగ్గరగా చూసింది లేదు. చెప్పడానికి మాత్రం అందరూ సిద్ధం. మాస్టారు, రంగు మెరవాలన్నారు, వెనక వరసలో జనానికి కూడా కనపడాలిట. అమ్మ, తేలిగ్గా ఉండాలంది. నేను స్కూల్లో మా టీచరు గారిని అడిగొచ్చి చెక్క మంచిది చూడాలన్నాను. నాన్న మా అందరినీ కొట్టిపారేశాడు. "చెక్కేం వాయిస్తదే? వాయించేది కుడిచెయ్యి. ఎడంది పట్టుకోడానికేగా. అది మనోడికి బానే ఉంది." అందరికీ సరే అనిపించింది. కుడిచెయ్యి ఉంది కదా అన్న ధైర్యమే మమ్మల్ని జగ్గయ్యపేట దాకా నడిపించింది.

అక్కడ హార్మోనియాలు బాగుచేసే కొట్టు ఒకటుంది. లోపల గోడకి రెండు గిటార్లు. ఒకటి ఎర్రగా మెరుస్తోంది. రెండోది మూల దుమ్ముకొట్టుకుని ఉంది. నాన్న ఎర్రదాన్ని కిందికి దింపించి, ఎద్దుని బేరమాడేవాడిలాగా చుట్టూ తిరిగి, వీపు మీద చరిచి, నోట్లోకి తొంగి చూశాడు.

"ఎవరికయ్యా?" అన్నాడు షావుకారు.

"మావాడికండి. కుడిచెయ్యి బ్రహ్మాండంగా ఉంటదండి, చూడండి." నాన్న మా అన్నయ్య కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు.

షావుకారు చూపు తువ్వాలు మీదికి పోయింది. "ఎడంది?"

"అది పట్టుకోడానికేగండి."

షావుకారు గిటారు తీసి తనే ఒళ్ళో పెట్టుకుని వాయించాడు. ఆయన కుడిచెయ్యి ఒకేచోట ఉండి తీగలు మీటుతోంది. ఎడం చెయ్యి గిటారు మెడ మీద పైకీ కిందికీ సాలీడులాగా పాకుతోంది. ఒక్కో వేలు ఒక్కో తీగని నొక్కి పడుతోంది. వేలు మారినప్పుడల్లా స్వరం మారుతోంది. వాయించడం ఆపి, "అసలు పనంతా దీందేనయ్యా" అని తన ఎడం చెయ్యి చూపించాడు. "కుడిది ఊరికే మీటుద్ది."

నాన్న మా అన్నయ్య కుడిచెయ్యి వదిలేశాడు. నేను మా అన్నయ్య మొహం చూడలేక గుమ్మంలోకి చూశాను. వెనకనుంచి నవ్వు వినపడింది. మిల్లు మిషను వాడి వేళ్ళు తిన్నాక మొదటిసారి నవ్వుతున్నాడు.

"నాన్నా, ఎడం చేతిక్కూడా పనుందంట!"

నవ్వీ నవ్వీ కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. అప్పుడు చూశాను, ఆ నవ్వులో నీళ్ళున్నాయి. ఆసుపత్రిలో జరిగిన స్తోత్రాలన్నీ, మేస్త్రీ చెప్పిన అదృష్టమంతా ఆ మెట్ల మీద బయటికొచ్చింది. "ఎడం చెయ్యేగా, ఎడం చెయ్యేగా" అంటూ మోకాలు మీద ఆ రెండు వేళ్ళతోనే కొట్టుకున్నాడు.

షావుకారు మూలనున్న దుమ్ము గిటారు దింపాడు. దాని తీగలు చెక్కకి అంటకుండా వేలెడంత పైకి లేచి ఉన్నాయి. ఎవరు చూసినా పాడైందనే అనుకుంటారు. "పాడవలేదు. ఇది పడుకోబెట్టి వాయించే రకం. నొక్కే పనిలేదు" అని దాన్ని మా అన్నయ్య ఒళ్ళో బల్లపరుపుగా పెట్టాడు. నున్నటి ఇనపకడ్డీ ముక్క ఒకటి వాడి ఎడం చేతిలో పెట్టాడు. "దీన్ని తీగల మీద జార్చు. బొటనవేలూ చూపుడువేలూ చాలు."

వాడు జార్చాడు. గిటారులోంచి ఒక ఏడుపు లేచింది. పసిపిల్లది కాదు, పెద్ద మనిషిది. అడుగు నుంచి పైకి సాగి, అక్కడ వణికి, మళ్ళీ కిందికి దిగింది. రోడ్డు మీద పోయే బండివాడు ఎడ్లు ఆపి చూశాడు.

"అందుకే ఎవరూ కొన్లా" అన్నాడు షావుకారు. "ఏం వాయించినా ఏడుపొచ్చుద్ది. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు."

"నాకు పట్టేది ఇదేనండి" అన్నాడు మా అన్నయ్య. రంగు, బరువు, చెక్క, ఏదీ చూడలేదు. దాన్నే కొన్నాం.

ఏడాది సాధన చేశాడు. మాస్టారు మాట నిలబెట్టుకుని పక్కన చోటిచ్చారు. మొదటి పెళ్ళి మైలవరంలో. పెళ్ళికూతురు నడిచివచ్చే పాటకి మావాడు కడ్డీ జార్చాడు. ముందు పెళ్ళికూతురి అమ్మమ్మ ఏడ్చింది. తర్వాత తల్లి ఏడ్చింది. ఆ తర్వాత పెళ్ళికూతురే నడవలేక ఆగిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి లేచాడు. "ఇది పెళ్ళా, చావా? ఆపించండయ్యా ఆ ఏడుపుపెట్టెని!"

ఆ పేరు ఉండిపోయింది. మాస్టారు తర్వాత మా ఇంటికొచ్చి, తలొంచుకుని, "ఏం చెయ్యన్రా, జనం వద్దంటున్నారు" అన్నారు. కానీ ఆ అమ్మమ్మ తను పోయినప్పుడు ఆ పెట్టే వాయించాలని ఒట్టు వేయించుకుందట. ఆ ఎండాకాలమే పోయింది. మా అన్నయ్యకి కబురొచ్చింది. సమాధుల దొడ్లో వాడు వాయిస్తుంటే, కళ్ళు తడవని కొడుకులు కూడా గుంట అంచున కూర్చుని ఏడ్చారట. ఆ తర్వాత పరిటాల నుంచి, కంచికచర్ల నుంచి, పెనుగంచిప్రోలు నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. పెళ్ళికి ఒక్కరూ పిలవలేదు. మంచినీళ్ళు కూడా అడక్కుండా వాకిట్లోనే నిలబడి, "మా ఇంట్లో పోయారు, పెట్టె తెమ్మంటున్నారు" అనేవాళ్ళు.

నేను గుంటూరు కాలేజీలో చేరింది ఆ డబ్బుతోనే. నాకు పుస్తకాలు కావాలంటే ఎక్కడో ఎవరో కన్నుమూయాలి. మా ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అన్నంలో చెయ్యి పెట్టినప్పుడు అందరికీ గుర్తొచ్చేది.

చావింటి నుంచి వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కుని గానీ గడప దాటడు. మేం ఏ దేవుణ్ణి కొలిచినా ఆ అలవాటు మాత్రం పోలేదు. మా అన్నయ్య వచ్చేసరికి అమ్మ వాకిట్లో చెంబుతో నీళ్ళు పెట్టేది. మొదటిసారి వాడు కాళ్ళు కడుక్కుని గిటారుతో లోపలికి రాబోతే అమ్మ అడ్డం నిలబడింది.

"అది రాకూడదు."

"నేను కడుక్కున్నా కదమ్మా."

"నువ్వు కడుక్కున్నావు. అదో?"

వాడు గిటారుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి కాళ్ళు లేవే. పోనీ వీపు కడిగితే చెక్క ఊడిపోద్ది."

మేమందరం నవ్వాం. అమ్మ మాత్రం కదల్లేదు. ఆ రోజు నుంచి గిటారు గొడ్లపాకలోనే ఉంది. గేదె పక్కన, వాసానికి వేలాడుతూ. వానలకి చెమ్మ పట్టి వీపు చీలింది. వాడు దానికి మైనం రాసుకుంటాడు. ఎప్పుడైనా వాయించాలనిపిస్తే పాకలోకి పోతాడు.

ఇవాళ పొద్దున, పేపరు చూడ్డానికి బయల్దేరే ముందు, పాసైతే కృతజ్ఞత కూటం పెట్టుకుందామని అమ్మే అంది. పాస్టరు గారిని పిలుద్దాం, పులావు వండుదాం అంది. "అన్నయ్య వాయిస్తాడు" అన్నాను.

అమ్మ చేట కింద పెట్టింది. "మంచిరోజు. ఆ పెట్టె పాకలోనే ఉంటది."

"మంచిరోజుని తెచ్చింది ఆ పెట్టేగా అమ్మా."

"తెచ్చింది. కాదన్లా. ఇన్నేళ్ళు చావుల కూడు తిన్నాం. ఆ ఒక్కరోజన్నా గుర్తురాకుండా నాలుగు మెతుకులు తిననీ."

పక్కన తువ్వాలు చుట్టుకుంటున్న మా అన్నయ్య, "పోన్లే అమ్మడూ, నేను పాడతాలే, పాటకి అంటు లేదుగా" అన్నాడు. పెనుగంచిప్రోలు నుంచి మనిషి వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. గిటారు పాకలోంచి తీసుకుని అతని వెంట వెళ్ళిపోయాడు. అక్కడ రైసు మిల్లు గుమాస్తా గారి తల్లి పోయింది. నేను పాసైన సంగతి వాడికి తెలియదు. ఈపాటికి సమాధి దగ్గర కడ్డీ జారుస్తూ ఉంటాడు.

పోస్టుమాస్టరు గారిని అడిగాను. "పెనుగంచిప్రోలు రైసు మిల్లుకి కాల్ బుక్ చెయ్యొచ్చాండీ?"

"చావు ఆ మిల్లు వెనకింట్లోనేనటగా? అక్కడికి ఫోను చేసి పాసయ్యానని చెబుతావా ఏందమ్మాయ్?"

"అదొక్కటే కాదండి. వచ్చేటప్పుడు పాక వైపు తిరక్కుండా గిటారుతో సహా తిన్నగా గుమ్మంలోంచి లోపలికి రమ్మని. అమ్మ పక్కన నేను నిలబడతానని."

ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "లైను కలవనియ్యి" అన్నాడు.

ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్ళు:

గుంటూరు హాస్టలు వార్డెనమ్మగారు. ఈ కాల్ బుక్ చేసింది ఆవిడకే.

మిషనరీ ఆసుపత్రి నర్సమ్మగారు. నొప్పిగా ఉందా అని అడిగింది ఆవిడొక్కతే.

జగ్గయ్యపేట మందుల షాపు. వాళ్ళు పాటల మాస్టారికి చెబుతారు. హార్మోనియం తీసుకుని కూటానికి రావాలని, ఆయన పక్కన అన్నయ్యకి చోటుంచాలని.

హార్మోనియం కొట్టు షావుకారు. ఫోను పక్క బట్టల కొట్లో ఉంది. చెక్క చీలితే అతికేదేంటో అడగాలి.

పత్తి మిల్లు మేస్త్రీ. ఎడం చేతి అదృష్టం ఇదిగో, ఇలా పండిందని చెప్పాలి. చెప్పగలనో లేదో తెలియదు.

పెనుగంచిప్రోలు రైసు మిల్లు. మట్టి వెయ్యడం అయ్యాకే.