చాటలో రాళ్లు

చిన్నప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు కూడా అది ఎక్కడికీ పోలేదు, బయటికి రావడం మానేసిందంతే. మా చుట్టాల్లో ఎవరిని అడిగినా నన్ను ఎంతో నెమ్మదైన మనిషి అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మండినా నవ్వి ఊరుకుంటాను, నన్ను పెంచిన పద్ధతి అలాంటిది.

మేము నాచారంలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ఒక గది, దాని వెనక వంటకు ఇంత చోటు. బాపు ఇండస్ట్రియల్ ఏరియాలో స్టీలు గిన్నెలు చేసే కంపెనీలో ప్రెస్ మీద పనిచేసేవాడు. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, కాలితో పెడల్ తొక్కాలి. పైనుంచి మిషన్ దిగి రేకును గిన్నెగా నొక్కేస్తుంది. మళ్లీ రేకు పెట్టాలి. ఏళ్ల తరబడి ఆయనది నైట్ షిఫ్టే. జనగామ వైపు నుంచి కొత్తగా వచ్చిన మాలాంటివాళ్లకు పగటి డ్యూటీ ఇప్పించే పెద్దమనుషులెవరూ తెలియరు మరి.

పొద్దున నేను బడికి తయారవుతుంటే బాపు వచ్చేవాడు. స్నానం చేసి, ఇంత తిని, గది మధ్యలో చాప పరుచుకుని పడుకునేవాడు. ఉన్నది ఒక్క గదే కాబట్టి ఆ గదికి పగలంతా రాత్రే. కిటికీకి అమ్మ పాత దుప్పటి కట్టేది. గిన్నెకు గిన్నె తగలకుండా వంట చేసేది. గిన్నెలు చేసేవాడి ఇంట్లో గిన్నె మోగకూడదు, అదీ మా బతుకు. సెలవు రోజుల్లోనూ, ఒంటిపూట బడులప్పుడూ నేనూ అమ్మా గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. గుసగుసల్లో అన్ని మాటలూ చెప్పుకోవచ్చు గానీ కొట్లాడటం మాత్రం కుదరదు. కావాలంటే మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి.

నాకు ఏడేళ్లప్పుడనుకుంటా, ఒక ఆదివారం మధ్యాహ్నం ఓనర్ వాళ్లింట్లో టీవీ చూద్దామని వెళ్లాను. ఓనర్ కూతురిది నా ఈడే. ఆమె నన్ను గుమ్మంలో చూసి, ఏమీ అనకుండా తలుపు వేసేసింది. తిట్టినా బాగుండేది. నేను మెట్లు దిగి వచ్చి, మా గుమ్మం పక్కన ఉన్న ఖాళీ బిందెను కాలితో ఒక్క తన్ను తన్నాను. అది గడప దాటి లోపలికి దొర్లి గోడకు కొట్టుకుంది. ఆ చప్పుడుకు బాపు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఎక్కడున్నాడో తెలియనట్టు నాలుగు వైపులా చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ పడుకున్నాడు గానీ నిద్ర రాలేదు, సాయంత్రం దాకా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు.

ఆయన డ్యూటీకి వెళ్లాక అమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. బాపుతో పనిచేసే ఒకాయన అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేవాడు. మామా అని పిలిచేదాన్ని. ఆయనకు కుడిచేతికి రెండు వేళ్లు లేవు, చాయ్ సాసర్‌ను ఎడమ చేత్తో పట్టుకునేవాడు. పుట్టుకతోనే అంతేమో అనుకున్నాను.

"మామ వేళ్లు ఎట్ల పోయినయో ఎరికేనా?" అంది అమ్మ. "వాళ్లింట్ల పెండ్లి ఉండె. పగలు నిద్ర లేకపాయె. మిషన్ మీద నిలబడ్డంక జర కన్ను మూతబడ్డది. గంతే."

అమ్మ గుమ్మం పక్కనున్న బిందె వైపు చూసింది.

"నువ్వు బిందె తన్నినవ్, బాపు నిద్ర చెడ్డది. ఇగ తెల్లారి ఇంటికొచ్చేదాంక నా పానం నా తాన ఉండది."

బెదిరించడానికి చెప్పిందనుకుంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆమె నిజంగానే భయపడింది, ఆ భయం నాకు అంటుకుంది. మర్నాడు బాపు గుమ్మంలోకి రాగానే నేను ఆయన మొహం చూడలేదు, చేతులు చూశాను. వేళ్లన్నీ ఉన్నాయి. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా నాకు అదే పని అయింది. జడ వేయించుకుంటూ కూడా వెనక్కి తిరిగి ఆయన చేతులు చూసేదాన్ని, అమ్మ నా నెత్తి మీద దువ్వెనతో ఒకటి వేసేది.

భయం ఉన్నంత మాత్రాన కోపం రాకుండా పోదు కదా. వచ్చేది, ఇంకా ఎక్కువ వచ్చేది. అప్పుడు అమ్మ నాకు నేర్పిన విద్య ఒక్కటే. నా ముక్కుపుటాలు ఎగిరాయంటే చాలు, మాటా పలుకూ లేకుండా చాటలో బియ్యం పోసి నా ముందు పెట్టేది. "ఏరు" అని పెదాలతోనే చెప్పేది. అవి రేషన్ బియ్యం, రాళ్లకు కరువు లేదు. మట్టిబెడ్డలు, వడ్లు, తెల్లటి రాళ్లు. నల్ల రాయి దొరికిపోతుంది, బియ్యం రంగులో ఉండే తెల్ల రాయితోనే తంటా. దాన్ని పట్టాలంటే చూపు నిలపాలి, వేలు నెమ్మదిగా కదపాలి. మొదట్లో రాయి దొరికినప్పుడల్లా ఓనర్ కూతురు దొరికినట్టు గోటితో విసిరి పడేసేదాన్ని. చాట సగమయ్యేసరికి చేతిలో విసురు తగ్గేది. మొత్తం అయ్యేసరికి ఎందుకు కోపమొచ్చిందో గుర్తుండేది గానీ, అరవాలనిపించేది కాదు. ఏడుపు మాత్రం వచ్చేది. ఏడుపుకు చప్పుడు ఉండదు కాబట్టి అమ్మ దాన్ని ఆపలేదు.

కొన్నాళ్లకు మా ఇంట్లోకి దుకాణం బియ్యం రావడం మొదలైంది. మిషన్‌లో శుభ్రం చేసినవి, వెతికినా రాయి ఉండదు. ఇక నాకు చాట గోల తప్పిందనుకున్నాను. మా అమ్మను తక్కువ అంచనా వేశాను. అప్పటిదాకా నేను ఏరిన రాళ్లను ఆమె పారేయకుండా ఒక పాత పచ్చడి సీసాలో పోసి పెట్టింది. నాకు కోపం వస్తే శుభ్రమైన బియ్యంలో ఆ రాళ్లు గుప్పెడు కలిపి ముందు పెట్టేది! ఈ ఊళ్లో అందరూ బియ్యంలో రాళ్లు ఏరి పారేస్తారు, బియ్యంలో రాళ్లు కలిపేది మా అమ్మ ఒక్కతే. పోగా పోగా ఆ రాళ్లన్నీ నాకు పరిచయమైపోయాయి. వాటిలో ఒక ఎర్రటిది ఉండేది, మెంతి గింజంత. అది ఎప్పుడూ చివరికే దొరికేది.

ఒకసారి విసుగొచ్చి సగంలో లేచిపోయాను. మర్నాడు బాపు వచ్చి, బుగ్గ పట్టుకుని, "టిఫిన్ల రాయొచ్చిందే" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఆయన చేతుల వైపు చూశాను.

మా ఇంటికి పిల్లలెవరూ ఆడుకోవడానికి వచ్చేవాళ్లు కాదు. వచ్చినా ఏం చేస్తారు, నోరు మూసుకుని ఆడే ఆటలు ఎన్ని ఉంటాయి? నేను గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని పక్క పోర్షన్ల వాళ్లను వినేదాన్ని. నల్లా నీళ్లు వచ్చే రోజున ఇద్దరు ఆడవాళ్లు బిందెల దగ్గర జుట్లు పట్టుకునేంత పని చేసేవాళ్లు. సందు సందంతా మారుమోగేది. సాయంత్రానికి అందులో ఒకామె రెండో ఆమె దగ్గరికే పోయి కరివేపాకు అడిగేది, ఆమె ఇచ్చేది. నాకు వాళ్లను చూస్తే అసూయగా ఉండేది. అంత గట్టిగా తిట్టుకునేంత దగ్గరి మనిషి నాకు ఒక్కరు కూడా లేరు.

ఉప్పల్‌లో స్టేడియం కట్టాక, మ్యాచ్ ఉన్న రోజు గాలి ఇటు తిరిగితే ఆ హోరు మా సందు దాకా వచ్చేది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి పగటి మ్యాచ్ జరుగుతోంది. సందులో కూడా టీవీలన్నీ పెద్దగా పెట్టారు. ఎవరు అవుటయ్యారో, ఎవరు గెలిచారో గానీ, ఒక్కసారిగా హోరు, దాని వెంట పటాకులు. మా కిటికీ రెక్కలు కూడా దడదడలాడాయి. నేను పరుగెత్తి వచ్చి బాపు వైపు చూశాను. ఆయన మోచెయ్యి కళ్ల మీద వేసుకుని అలాగే నిద్రపోతున్నాడు. గురక కూడా ఆగలేదు.

నాకు కాళ్ల నుంచి నెత్తి దాకా మండుకొచ్చింది. ఊరంతా అరిస్తే లేవని మనిషి కోసమా నేను ఇన్నాళ్లు నోరు కుట్టేసుకున్నది? వంట చోట కూర్చున్న అమ్మ దగ్గరికి పోయి, అప్పుడు కూడా గుసగుసగానే అడిగాను. "గంత మొత్తుకుంటుంటె బాపు లేస్తలేడు. నేను మొత్తుకుంటె మాత్రం ఎట్ల లేస్తడు?"

అమ్మ తల ఎత్తలేదు. "లోకమంత మొత్తుకున్నా ఆయనకు సోయి ఉండది. నువ్వు జర దగ్గితె లేస్తడు. నీ గొంతుకు లేస్తడు బిడ్డా."

వేరే పిల్లలైతే ఆ మాటకు మురిసిపోయేవాళ్లేమో. నాకు మాత్రం ఓనర్ కూతురు మళ్లీ తలుపు వేసినట్టే అనిపించింది. ఆయన నన్ను అంతగా పట్టించుకుంటాడు కాబట్టే నేను ఆయనకు వినపడకూడదు. దీని మీద ఎవరితో పోట్లాడాలో కూడా అర్థం కాలేదు.

అప్పుడు చూశాను, అమ్మ ఒళ్లో చాట ఉంది. అందులో నా రాళ్లు ఉన్నాయి. ఎర్రది కూడా ఉంది. ఆ రోజు నేను కోపంలో లేను, మ్యాచ్ హోరు వచ్చేదాకా బాగానే ఉన్నాను. ఆ రాళ్లు నా కోసం కలిపినవి కావు.

"నీకెందుకొచ్చిందమ్మా కోపం?"

"నాకేం కోపం? ఊకెనే," అంది. చాటను నేల మీద పెట్టి, సగం బియ్యం నా వైపు తోసింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏరాము. ఆమె మనసులో ఏముందో ఆమె చెప్పలేదు, నేను రెట్టించలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు. ఒంటరితనం అంటే పక్కన ఎవరూ లేకపోవడమని అప్పటిదాకా అనుకున్నాను.

బడిలో నాకు మంచి పేరు వచ్చింది. టీచరమ్మ నన్ను నిలబెట్టి, "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి, ఎంత ఓపికో" అనేది. ఇంటర్‌లో ఒక్క స్నేహితురాలు దొరికింది. నా ప్రాక్టికల్ రికార్డు తీసుకుని పోగొట్టింది. నేను ఏమీ అనలేదు. వారం పాటు నా వెనకే తిరిగి, చివరికి తనే విసిగిపోయి, "ఒక్క మాట తిట్టరాదే! నువ్వసలు మనిషివేనా?" అని వేరే బెంచీకి వెళ్లిపోయింది. తిట్టాలని నాకూ ఉంది. తీరా నోరు తెరిస్తే ఏమీ రాలేదు.

అప్పటికి తెలంగాణ కోసం బందులు జోరుగా నడుస్తున్నాయి. బస్సులు లేని అలాంటి ఒక రోజు సాయంత్రం, బాపు అంతకు ముందు రోజు నుంచీ జ్వరంతో ఉన్నాడు. పగలు ఒక్క కునుకు కూడా పట్టలేదు. కంపెనీ నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. బందు వల్ల సగం మంది రాలేదట, ఎట్లైనా రావాలట. బాపు "సరే సార్" అని ఫోన్ జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుని లేచి, బూటు తొడుక్కోవడానికి గుమ్మంలో కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లేసు కట్టబోతే ముడి వేళ్లలోంచి జారిపోయింది.

అమ్మ ఆయన్ను ఆపుతుందని చూశాను. ఆమె టిఫిన్ కట్టి ఆయన పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి చాట తీసింది. బియ్యం పోసింది. తర్వాత సీసాలోంచి రాళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. గుప్పెడు కాదు, సీసా మొత్తం బోర్లించేసింది.

నేను అరిచాను. ఎలా అరిచానో నాకు తెలియదు.

"పోవద్దు! ఇనబడుతుందా? జొరంతోని మిషన్ మీద నిలబడితె వేళ్లు పోతయి! మామకు పోయినట్టె పోతయి! అమ్మ నీకు చెప్పది, రాళ్లు ఏరుకుంట కూసుంటది. నేను కూసోను! పోతె మల్ల ఇంటికి రాకు!"

పక్క పోర్షన్‌లో టీవీ ఆగిపోయింది. ఎవరో తలుపు తీసి తొంగిచూశారు. అమ్మ చాటతో అలాగే వంట చోట నిలబడిపోయింది. నా చెవుల్లో నా గొంతే ఇంకా మోగుతోంది, అది నాకు పరాయిదానిలా ఉంది.

బాపు ఒక కాలికి బూటుతో నా వైపు తిరిగి చూశాడు. ఆయనకు కోపం రాలేదు. ఎవరింటి పిల్లో తప్పిపోయి మా ఇంట్లోకి వచ్చినట్టు చూశాడు. తర్వాత వంగి, తొడిగిన బూటు విప్పేశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆఫ్ చేశాడు.

"నీ గొంతు గిట్లుంటదా బిడ్డా?" అన్నాడు. "గింత గొంతు ఇన్నేండ్ల సంది ఏడ దాసినవే?"

"నువ్వు పండుకున్నవ్ గద బాపు," అన్నాను. అది మళ్లీ గుసగుసగానే వచ్చింది.