చచ్చి లేచిన రాజు, చవక కెమెరా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో కెమెరాలు లేవు కాబట్టి అక్కడితో ఆగారు. నేను మూడోది కూడా చూశాను. చవకలో కెమెరా కొని, దాంతో పిల్లనిచ్చిన మామను నిండు సభలో పదే పదే చంపించాను. కంగారు పడకండి, మామ క్షేమంగానే ఉన్నాడు. ఒకసారి పొడిస్తే పోయే మనిషి కాదని ఆ రోజే తేలింది.

మిర్యాలగూడలో నాది చిన్న దుకాణం. ఫంక్షన్లకు మైకులు, లైట్లు, పెద్ద తెరలు కిరాయికి ఇస్తుంటాను. స్టేజీ మీద జరిగేది దూరంగా ఉన్నవాళ్ళకు తెర మీద చూపించాలంటే కెమెరా కావాలి కదా, అది మాత్రం అప్పటిదాకా నేనే ఇంకొకరి దగ్గర కిరాయికి తెచ్చుకునేవాణ్ణి. సొంతంగా ఒకటి కొనాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టిందంటే, మా మామ లింగయ్యకు కోదాడలో నాటకం కుదిరినప్పుడు.

మామది నేరేడుచర్ల దగ్గర పల్లె. గొర్ల మంద ఆయన బతుకు, పద్యనాటకం ఆయన ప్రాణం. రాజు వేషంలో మీసం మెలేయడంలో ఆయన్ను మించినవాడు లేడు. గొంతు మాత్రం, పిల్లనిచ్చినవాడు కాబట్టి, ఫరవాలేదంటాను. పద్యనాటకం ఎరగనివాళ్ళకు ఒక మాట. పద్యం బాగా నచ్చితే జనం ఆగకుండా చప్పట్లు కొట్టి "వన్స్ మోర్" అంటారు. అన్నారంటే కథ ఎక్కడున్నా సరే, పాత్ర బతికున్నా చచ్చినా సరే, నటుడు లేచి ఆ పద్యం మళ్ళీ పాడి తీరాలి. మామ ఎన్నో ఏళ్ళుగా కిరీటం పెడుతున్నా ఆ మాట మాత్రం ఒక్కసారీ వినలేదు.

"గొర్లకు ఎన్నేండ్లు పాడినా అవి వన్స్ మోర్ అనయి గద అల్లుడా," అన్నాడు నాతో. "కోదాడల వడ్ల సేట్లు వాళ్ళ సభకు మన నాటకం పెట్టిచ్చిన్రు. గాడ గూడ అనకపోతే ఇగ కిరీటం ఇడిసిపెడ్త."

నవ్వుతూనే అన్నాడు గానీ గొంతులో నవ్వు లేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. మామ ముఖాన్ని ఇంత పెద్ద తెర మీద చూపిస్తే ఆ మీసానికైనా జనం వన్స్ మోర్ అనకపోతారా అనుకుని, మర్నాడే సూర్యాపేట బస్సెక్కాను.

అక్కడ కెమెరాల కొట్టాయన బల్ల మీద రెండు కెమెరాలు పెట్టాడు. ఒకటి తీగతో తెరకు కలిపేది, ధర వింటే చెమట పడుతుంది. రెండోది తీగ అక్కర్లేనిది, దాంట్లో సగం ధర కూడా లేదు.

"పెట్టి సూస్కో. నచ్చితేనే తీస్కపో," అన్నాడు.

పెట్టి చూశాను. చవక కెమెరాను ఆయన వైపే తిప్పి టీవీలో చూశాను. ఆయన ఫోన్లోకి తలదూర్చి బియ్యం బస్తాలాగా కూర్చున్నాడు, రెప్ప కూడా కదల్లేదు. ఎదురుగా ఆయన, టీవీలో ఆయన, అచ్చం ఒకేలా ఉన్నారు. కదలని మనిషిని చూసి కదిలే నాటకానికి కెమెరా కొన్న మొనగాడు ఉమ్మడి నల్లగొండ జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇంటికి రాగానే నా భార్య స్వరూప అడిగింది. "అన్ని సక్కగ సూసినవా?"

"పరేషాన్ గాకు. బొమ్మ అద్దం లెక్క ఉన్నది."

"నువ్వు సూసినవంటేనే నాకు పరేషాను," అంది. పెళ్ళాం మాట పెడచెవిన పెట్టినవాడు బాగుపడ్డట్టు ఎక్కడా లేదు.

కోదాడ ఫంక్షన్ హాల్లో స్టేజీ కింద, భోజనాలు పైన. మధ్యాహ్నం నాటకం. పైన తినేవాళ్ళకూ, తర్వాతి బంతి కోసం నిలబడ్డవాళ్ళకూ నాటకం కనిపించాలని పైన తెర పెట్టాను. కింద మాట పైకి వినపడదు కాబట్టి మైకు తీగ కూడా కెమెరాకే గుచ్చాను. బొమ్మా మాటా జంటగా మెట్లెక్కుతాయని మురిసిపోయాను. ఎక్కాయి, నిజమే. కాకపోతే మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలాగా తీరిగ్గా ఎక్కాయి. ఆ సంగతి నాకప్పటికి తెలియదు.

చివరి రంగం వచ్చింది. సేనాపతి రాజును పొడుస్తాడు, రాజు పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. సేనాపతి ముత్తయ్య మామూలు రోజుల్లో హుజూర్‌నగర్ దారిలో షేర్ ఆటో నడుపుతాడు. పొడిచాడు. మామ పాడాడు, పడ్డాడు. కిందివాళ్ళు మర్యాదకు నాలుగు చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. అంతా నిశ్శబ్దం. అప్పుడు పైఅంతస్తు నుంచి చప్పట్లు, ఈలలు, స్టీలు గ్లాసుల మోత. హార్మోనియం ఆయన అలవాటు కొద్దీ మళ్ళీ శ్రుతి అందుకున్నాడు. శవం ఒక కన్ను తెరిచింది.

"వన్స్ మోరేనా ముత్తయ్యా?"

"గట్లనే ఉన్నది మామా."

"అయితే మల్ల పొడువు. పోటు పడంది నాకు పద్యం ఎక్కదు."

ముత్తయ్య పొడిచాడు, మామ ఇంకా గట్టిగా పాడి చచ్చాడు. కింద నిశ్శబ్దం. కాసేపటికి పైనుంచి ముందుకంటే పెద్ద మోత. మామ ఈసారి అడగనుకూడా లేదు, లేచి నిలబడి రొమ్ము చూపించాడు. నేను ఆనందంతో ఊగిపోతున్నాను. మా మామ, మా కెమెరా, ఇంకేం కావాలి.

మూడోసారి చచ్చాక, అంతగా మెచ్చుకుంటున్న మహానుభావులెవరో చూసొద్దామని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పైకి పోయి చూద్దును కదా, కింద నేను శవంగా వదిలి వచ్చిన మామ తెర మీద ఇంకా పద్యం పాడుతున్నాడు. కింద చచ్చిన ఆ మూడో చావే నా కళ్ళ ముందు మళ్ళీ చచ్చాడు. జనం చప్పట్లు మొదలుపెట్టారు. అప్పుడు వెలిగింది నాకు. తీగ లేని కెమెరా బొమ్మనూ మాటనూ ఆలస్యంగా పైకి పంపుతోంది, వీళ్ళవి వన్స్ మోర్ చప్పట్లు కావు, ఆలస్యంగా కిందికి అందిన మామూలు చప్పట్లు.

"అన్నా, దండం పెడ్త, సప్పట్లు కొట్టకున్రి," అన్నాను బంతి కోసం నిలబడ్డ ఒక సేటుతో.

"ఎందుకు కొట్టొద్దు? కిందోళ్ళు మల్ల మల్ల పాడిచ్చుకుంటున్రు. మేమేం తక్కువ తిన్నమా? అసలు ఇంక తిననేలేదు."

ఇట్లా లాభం లేదని తెర ప్లగ్గు పీకేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. బొమ్మ పోయిందని పైవాళ్ళంతా ఒక్కసారిగా ఈలలు, కేకలు. కింద అది ఏమని అర్థమైందో మీకు చెప్పాలా? నేను మెట్ల దగ్గరికి పరుగెత్తేసరికి శ్రుతి మొదలైంది. ముత్తయ్య గొంతు మెట్ల మీదుగా వినిపించింది. "ఇగ నావల్ల గాదు మామా, చెయ్యి గుంజుతున్నది."

అంతలో వంటల కాంట్రాక్టరు నా భుజం పట్టుకున్నాడు. కోదాడ మనిషి, ఎంత కోపంలోనూ మర్యాద తప్పడు. "ఏవండీ, కింద మీ రాజుగారు పోతేగానీ అక్కడున్నవాళ్ళు భోజనానికి రారటండీ. పప్పుచారు చల్లారిపోతోంది. ఆయన ఎప్పుడు పోతారో కాస్త కనుక్కుని చెప్తారా?"

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "నిలబడ్డోళ్ళందర్నీ ఒక్కసారే కూసోబెట్టి వడ్డియ్యిన్రి. మా మామ గప్పుడే పోతడు."

ఆయనకు ముక్క అర్థం కాలేదు గానీ విస్తళ్ళు మాత్రం పడ్డాయి. చేతులన్నీ అన్నంలో పడ్డాయి. కింద మామ పాడాడు, పడ్డాడు, ఈసారి పైనుంచి చప్పుడు లేదు. అట్లా పప్పుచారు దయవల్ల రాజు స్వర్గస్థుడయ్యాడు.

వేషం తీయకుండానే మామ నన్ను కావలించుకున్నాడు. చెంపల మీద రంగు కన్నీళ్ళకు కారిపోతోంది. "ఇన్నేండ్లకు, అల్లుడా. సచ్చిపోయినోన్ని లేపి లేపి పాడిచ్చుకున్నరు. ఇగ నేను నిజంగ సచ్చినా ఫికర్ లేదు."

నేను ఆయన కిరీటం సర్దాను. ఇంటికొచ్చాక స్వరూపకు మాత్రం అసలు సంగతి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వి, ఆ వెంటనే వేలు చూపించింది. "మా నాయినకు ఈ ముచ్చట చెప్పినవో, నీకు వన్స్ మోర్ నేనంట."

ఆ తర్వాత హుజూర్‌నగర్లో అదే నాటకం పెట్టారు. నేను బుద్ధి తెచ్చుకుని తీగ కెమెరానే కిరాయికి తెచ్చి పెట్టాను. బొమ్మ, మాట, చప్పట్లు అన్నీ ఒక్కసారే వచ్చాయి, ఒక్కసారే ఆగాయి. మామ చచ్చి పడున్నాడు. తెర మీద ఆయన ముఖం పెద్దగా కనిపిస్తోంది. ఒక కన్ను మెల్లగా తెరుచుకుంది. ఎదురు చూస్తోంది. ఇంకా ఎదురు చూస్తోంది. కెమెరా వదిలేసి, చప్పట్లు కొడుతూ "వన్స్ మోర్" అని బొబ్బ పెట్టాను. హాలు హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ముత్తయ్య కత్తి పట్టుకుని నావైపే చూశాడు.

మళ్ళీ పాడి దిగి వచ్చాక మామ అన్నాడు. "ఎన్కనుంచి అరిసిండే, గాయనెవరో గని మస్తు రసికుడు అల్లుడా."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కదలని మనిషిని చూసి ఈ జన్మలో ఇంక కెమెరా కొనను. మామ చచ్చిపోయే ప్రతి నాటకానికీ మంచి కెమెరానే పెడతాను, ఆ ఆలస్యపు చప్పట్ల సంగతి నేనే చూసుకుంటాను.