విరిగిన చేత్తో కుట్టిన బొంత

మా మనవడి బొంత కుట్టింది నేను. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు ధైర్యం ఎక్కడిదంటే, నా భార్యకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అరవనాట మా ఊరు గుడియాత్తంలో బంధువుల్లో చాలామంది అంతే. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. నేను మాత్రం వయసులో ఉన్నప్పుడు చిత్తూరు వైపు కట్టడాల పనికి పోయి, అక్కడి గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

నేను మేస్త్రీని. మోకాళ్ళు అరిగిపోయేదాకా ఊరి వాళ్ళకు ఇళ్ళు కట్టి, ఇప్పుడు నా ఇంట్లో కూర్చున్నాను. పని మానేసిన మేస్త్రీ ఇంట్లో ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళ కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. పొద్దున లేచింది మొదలు గోడల్లో వంకర్లు వెతికేవాణ్ణి. ఆ గోడలు కట్టింది కూడా నేనే కాబట్టి తిట్టడానికి మనిషి దొరక్క, భార్య మీద పడేవాణ్ణి.

మా ఒక్కగానొక్క కూతుర్ని వేలూరులో, సత్తువాచారిలో ఇచ్చాం. మా వియ్యంకుడు కలెక్టరాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాట్లాడడు. ఆయన వాటా మాటలు కూడా వియ్యపురాలే మాట్లాడుతుంది. మా కూతురు నెల తప్పిన దగ్గర్నుంచి ఆమె రోజూ ఫోన్ చేసి, తానొక్కతే లోకంలో పిల్లల్ని కన్నట్టు నా భార్యకు పాఠాలు చెప్పేది. ఏ నూనె రాయాలి, ఏ సబ్బు రుద్దకూడదు, రంగులద్దని గుడ్డలు ఎక్కడ దొరుకుతాయి. నా భార్య ఊ కొట్టీ ఊ కొట్టీ, ఒకరోజు ఓపిక చచ్చి అనేసింది:

"అంగడి గుడ్డలు మాకొద్దు వదినా. పుట్టే బిడ్డకు నేనే నా చేత్తో బొంత కుడతా ఉండా."

అప్పటికి ఇంట్లో సూది ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. కాని అవతల వియ్యపురాలి పాఠం అక్కడితో ఆగింది. ఆమెను అలా ఆపగలిగిన మాట అదొక్కటే. సాయంత్రానికల్లా ఆ సంగతి ఆమె వీధంతా చాటేసింది. "మా కోడలి అమ్మ చేతికుట్టు బొంత కుడతా ఉండాదంట. ఈ కాలంలో ఎవురు కుడతారు చెప్పండి?" ఇంక వెనక్కి పోయే దారి లేదు.

నా భార్య మొదలైతే పెట్టింది. పైకీ కిందికీ తన పాత నూలు చీరలు. లోపల మెత్తదనానికి నా లుంగీలు, ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయినవి. అందులో నేను ఇంకా కట్టుకుంటున్నవి కూడా ఉన్నాయని నాకు స్నానం చేసి వచ్చాక తెలిసింది. ఒక పక్కనుంచి వరసలు వేసుకుంటూ జానెడు మేర కుట్టింది. ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే ముగ్గు పెట్టబోయి, తానే నీళ్ళు చల్లిన మెట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

పురిటికి పిల్లను పుట్టింటికి తెచ్చుకోవాల్సిన వాళ్ళం మేము. కట్టుచేత్తో పురుడెలా పోస్తుంది? కూతురు సత్తువాచారిలోనే ఉండిపోయింది. వియ్యపురాలు ఈ విషయం మాకు బాధ కలక్కుండా రోజూ గుర్తుచేసేది. "మీరు దిగులుపడొద్దు వదినా. పుట్టింటోళ్ళు చేసేది కూడా మేమే చేస్తా ఉండాము గదా. పోనీలే, బొంతైనా వస్తా ఉండాది."

ఆ ఫోన్ పెట్టేసి నా భార్య వీధి తలుపు మూసింది.

"ఏమయ్యా, నువ్వు కుట్టు."

"ఏంది కుట్టేది?"

"బొంత. ఇంకేం కుడతావు, ఆమె నోరా?"

"ఎవురినైనా పిలిచి కుట్టిద్దాం మే."

"పిలిస్తే ఈదంతా తెలుస్తాది. ఈదికి తెలిస్తే వేలూరికి తెలుస్తాది. నువ్వు ఊరికేనే గదా కూచోనుండావు, గోడల్ని చూసుకుంటా."

నేను ఒక్కటే షరతు పెట్టాను. ఈ సంగతి చచ్చినా బయట పడకూడదు. టీ అంగడి దగ్గర పాత మేస్త్రీలు రోజూ కూర్చుంటారు. నేను సూది పట్టానని తెలిస్తే మిగిలిన బతుకంతా నన్ను టైలరనే పిలుస్తారు. ఆమె నవ్వి, చెప్పనని ఒట్టేసింది. ఒట్టు నిలబెట్టుకోవడంలో నా భార్యను మించిన మనిషి లేదని తర్వాత తెలిసింది.

మొదటి తంటా నా చేతులతోనే వచ్చింది. సిమెంటు తిన్న అరచేతులు. చీర మీద చెయ్యి పెడితే చాలు, గరుకుకు పట్టుకుని నూలుపోగులు లేచొచ్చేవి. ఆమె ఎడం చేత్తో నా అరచేతులకు కొబ్బరినూనె పట్టించింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె నా చేతులకు నూనె రాయడం అదే మొదలు, అదీ చీర పాడవుతుందని. ఇక సూదిలో దారం ఎక్కించడానికి నా కళ్ళు చాలవు, ఆమెకు చెయ్యి లేదు. సూది నేను పట్టుకుంటే దారం ఆమె పట్టుకునేది. "కదలొద్దు" అని నేను, "నువ్వే కదులుతా ఉండావు" అని ఆమె, ఇంట్లో ఇటుకబట్టీ దగ్గర అరిచినట్టు అరుచుకునేవాళ్ళం.

నా మొదటి వరస చూసి ఆమె అడిగింది. "ఇదేంది, పాలారు ఏరు మాదిరి వంకర టింకరగా పోతా ఉండాది?"

ఆ మాట నాకు తగలరాని చోట తగిలింది. తూకంగుండు వేసి ఎన్ని గోడలు లేపిన మనిషిని! లేచిపోయి పనిసంచిలోంచి గీత కొట్టే నూలుతాడు తీసి, నీలిమందులో ముంచి, బొంత మీద అటొక రాయి ఇటొక రాయి పెట్టి బిగించి ఒక్క దెబ్బ కొట్టాను. నీలం గీత నిటారుగా పడింది.

"అయ్యో నీ చేతులు ఇరగ! పసిబిడ్డ బొంత మీద నీలిమందా?"

"ఉతికితే పోతాది."

"పోకుంటే?"

"పిల్లోడు పుడితే కృష్ణుడని పేరు పెట్టుకుందాం."

ఆ గీతలు వచ్చాక నాకు పని పట్టుబడింది. పైవరస కుట్టు, కింది వరసలో రెండు కుట్ల నడుమ ఖాళీ మీద పడాలని తీర్మానించుకున్నాను. ఇటుక మీద ఇటుక పెట్టేటప్పుడు జాయింట్లు కలవకూడదు గదా. కుట్టు చిన్నదిగా వెయ్యమని ఆమె మొత్తుకునేది. ఆమె కుట్టు నువ్వుగింజంత. నాది చింతగింజంత. "గట్టిగా ఉండాలంటే ఈ సైజే కరెక్టు" అని నేను వాదించేవాణ్ణి. బొంత మీద ఎవరూ మిద్దె లేపబోవడం లేదని ఆమె అనేది. మూసిన తలుపుల వెనక మా అరుపులు విని వీధిలో వాళ్ళు మేము ఆస్తి తగాదాలో పడ్డామనుకున్నారట.

ఒక మధ్యాహ్నం నా పాత జతగాడు, సెంట్రింగ్ పనివాడు, పెరటి దోవన నేరుగా లోపలికి వచ్చేశాడు. దాచడానికి వేళ లేదు. బొంత మీద కూర్చున్నాను. సూది దానికే ఉందన్న సంగతి కూర్చున్నాక గుర్తొచ్చింది.

"ఏమన్నా, మొగం అట్లుండాది?"

"మోకాలు."

"మోకాలికి కూచుంటే నయం గదా?"

"నయమే. కూచున్నా గదా."

నా భార్య అతనికి తీరిగ్గా కాఫీ పెట్టింది. ఒంటి చేత్తో, అంత నిదానంగా పెట్టాల్సిన పని లేదు. అతను కాఫీ తాగి, తన అల్లుడు జోలార్పేటలో రైలు ఉద్యోగం సంపాదించిన కథ మొత్తం చెప్పి, మళ్ళీ ఒకసారి చెప్పి పోయాడు. నేను మంచినీళ్ళడిగినా ఆమె అందించలేదు. మొహం గోడవైపు తిప్పుకుని నవ్వుతూ ఉంది.

బొంత పూర్తయ్యింది. చుట్టూ ఎర్రంచు వేసి, మూలలు దర్వాజా చట్రం బిగించినట్టు బిగించాను. మంచం మీద పరిచి మూలమట్టం పెట్టి చూశాను. నాలుగు మూలలూ సరిగ్గా కూర్చున్నాయి. ఉతికితే నీలం కూడా పోయింది. దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాను. నేను కట్టిన ఏ ఇంటినీ గృహప్రవేశం తర్వాత అంతసేపు చూడలేదు. నా భార్య గుమ్మంలో నిలబడి "పరవాలేదు" అంది. ఆమె నోటి వెంట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు. కాని అంతటితో ఆగితే ఆమె ఎందుకవుతుంది? "గోనెసంచి కంటే నయం" అని కలిపింది.

మనవడు పుట్టాడు. పేరు పెట్టి తొట్టిల్లో వేసే వేడుక సత్తువాచారిలో. మండువేసవి, అగ్నినక్షత్రం నడుస్తోంది. వేలూరులో కాకులు కూడా నీడ వదలని ఎండ. ఆ ఎండలో బొంత ఒళ్ళో పెట్టుకుని బస్సులో పళ్ళికొండ మీదుగా పోతుంటే నాకు చెమటలు కారిపోయాయి. పైన సామాన్ల చోట పెట్టమని కండక్టరు చెప్పినా వినలేదు.

వియ్యపురాలు బొంతను అందరి ముందూ విప్పింది. "అయ్యయ్యో, ఎంత అళగుగా ఉండాది! చూడండమ్మా, చూడండి. అంతా చేతికుట్టు." ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఫోన్లు బయటికొచ్చాయి. ఒకామె అంచు తడిమింది. ఒకామె మూలలు చూసి, ఇంత నీటుగా ఎట్లా తిప్పినావమ్మా అంది. నా ఛాతీ ఉబ్బింది. నా భార్య తల వంచుకుని, "ఏముందిలే, కాస్త ఓపిక ఉండాలి" అంది. కట్టు విప్పిన చేత్తో కొంగు సర్దుకుంది.

ఆలంగాయం నుంచి వచ్చిన ఒక ముసలావిడ మాత్రం బొంతను కళ్ళ దగ్గరికి తీసుకుని పరీక్షగా చూసింది. "ఈడ దాకా కుట్టు నువ్వుల మాదిరి ఉండాది. ఈడ్నించి ఏందమ్మా, ఇంతింత కుట్లు?"

నాకు ఒళ్ళు మండింది. నా భార్య మాత్రం రెప్ప కూడా వేయకుండా నిదానంగా చెప్పింది.

"ఆడికొచ్చేసరికి చెయ్యి ఇరిగింది అత్తా."

వియ్యపురాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇరిగిన చేత్తోనా కుట్టినావు వదినా! నాతో ఒక్క మాటన్నా చెప్పినావా? నేనేమో నోటికొచ్చినట్టు మాట్లాడితిని." అంటూ పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ చింతగింజల్నే ఇప్పుడు ఒక్కొక్కరూ వేలితో తడిమి, కళ్ళకద్దుకున్నంత పని చేశారు. నా భార్య అబద్ధమాడలేదు, అది ఒప్పుకోవాలి. చెయ్యి విరిగింది అక్కడే. మిగతాదంతా వాళ్ళే అల్లుకున్నారు. ఆమె అడ్డుపడలేదు, అంతే.

నేను ఆగలేకపోయాను. టీ అంగడీ పోనీ, పరువూ పోనీ అనుకున్నాను. "ఆ కుట్లు నేను కుట్టినాను" అన్నాను.

ఒక్క క్షణం అందరూ నా వంక చూశారు. ఆ తర్వాత హాలు దద్దరిల్లేలా నవ్వారు. "మామకు జోకులు జాస్తి" అని అల్లుడు నా భుజం తట్టాడు. ఎన్నడూ నోరు విప్పని వియ్యంకుడు కూడా పగలబడి నవ్వాడు. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఆరోజే తెలిసింది. నా భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది.

భోజనాలయ్యాక కూతురి గదిలోకి పోయాను. పిల్లాడు ఆ బొంత మీదే నిద్రపోతున్నాడు, పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

"నువ్వన్నా నమ్ముతావా అమ్మా?"

"చూడంగానే తెలిసింది నాయనా. ఇటుకలు పేర్చినట్టుండాది. అమ్మకు అంత పొడుగు కుట్టు ఎట్లా వస్తాది?"

"మరి ఆడ చెప్పుండొచ్చు గదా?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు కుట్టినావంటే నాకేమొస్తాది నాయనా? ఒక పూట నవ్వుకుని మర్చిపోతారు. అమ్మ ఇరిగిన చేత్తో కుట్టిందంటే, పుట్టింటికి తీసకపోలేదని మా అత్త ఇంక నోరెత్తదు. ఆ మాట ఎన్నేండ్లైనా యాడికీ పోదు. నువ్వు గమ్మునుండు."

నా కూతురు తెలివైన పిల్ల. ఆ తెలివి ఎవరి పోలికో చెప్పనక్కర్లేదు. పిల్లాడి కాలు ఒకటి బొంత అంచు దాటి బయటికి వచ్చింది. దాన్ని లోపలికి సర్ది బయటికొచ్చేశాను. బయట నా భార్యకు రెండోసారి పాయసం వడ్డిస్తున్నారు.

తర్వాత కొన్నాళ్ళకు వియ్యపురాలి చిన్న కూతురు నెల తప్పింది. ఫోనొచ్చింది. "వదినా, నీ చేతి బొంత ఇంకొకటి కావాల." నేను అప్పటికే నేతగాళ్ళ వీధికి పోయి లుంగీ గుడ్డలు ఎంచి పెట్టాను. ఈసారి కుట్టు చిన్నదిగా వేయాలని, అంచు పచ్చది పెట్టాలని మనసులో అనుకున్నాను. నా భార్య నావైపు ఒక చూపు చూసి ఫోన్లో చెప్పింది: "ఇంక నా వల్ల కాదు వదినా. ఆ చెయ్యి ఇంకా నొప్పే."

"నేను కుడతా గదా" అన్నాను, ఆమె ఫోన్ పెట్టేశాక.

"ఒకసారి అయితే త్యాగం. రెండోసారి కుడితే అది కూలి పని" అంది.

వియ్యపురాలు వేలూరు బజారులో ఒక చేతికుట్టు బొంత కొని దాని ఫోటో పంపింది. చేతికుట్టే అని అంగడి వాడు ప్రమాణం చేశాడట. నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఒక కుట్టుకూ ఇంకో కుట్టుకూ వెంట్రుకవాసి తేడా లేదు. మనిషి చేతికి అది సాధ్యం కాదు.

"ఇది మిషన్ కుట్టు మే."

"నాకూ తెలుసు" అంటూ నా భార్య ఫోన్ లాక్కుంది. బాగైపోయిన ఆ కుడి చేత్తోనే అరవ అక్షరాల్లో టైపు చేసి, పంపేముందు నాకు చదివి వినిపించింది. "రొంబ బాగుండాది వదినా. చేతికుట్టంటే చేతికుట్టే."