మేనమామతో బ్లైండ్ డబుల్

పెళ్లి సంబంధాలు చెడగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. పిల్ల తల్లి ముందు టీ ఒలకబోసుకున్నవాడు, జీతం ఎంతంటే తడబడినవాడు, పిల్లనుకుని ఆమె చెల్లెలి వైపు చూసి నవ్వినవాడు. వాళ్లంతా నా ముందు పసివాళ్లు. నేను పిల్ల మేనమామ చేత మా క్యాంపు బాత్రూం కడిగించినవాణ్ణి. అదీ ఆయన చేతిలో ఓడిపోదామని నానా తంటాలు పడి మరీ కడిగించాను.

అప్పుడు నేను సౌదీలోని రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఏసీ మెకానిక్‌ని. గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. మా జగిత్యాల వైపు రాజేశమన్న, శ్రీకాకుళం నుంచి వచ్చిన వెల్డరు గణపతి, నేను. శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం తిన్నాక మూడు ముక్కలాట వేసేవాళ్లం. పైసలు పెట్టి ఆడి దొరికితే సౌదీలో మన బతుకు ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకని మాది శనగల పందెం. ఎవరి శనగలు ముందు అయిపోతే వాళ్లు బాత్రూం కడగాలి. చుట్టాలైనా సరే, ఆటకు కూర్చుంటే ఇదే కాయిదా.

ఈ ఆటలో ముక్కలు చూసుకోకుండా పందెం కాయడాన్ని బ్లైండ్ అంటారు. కొందరు మొండివాళ్లు ముక్కలు పంచకముందే పందెం రెట్టింపు చేస్తారు. ఫోన్ వీడియోల్లో పాఠాలు చెప్పే మహానుభావులు దానికి స్ట్రాడిల్ అని పేరు పెట్టారు. డ్యూటీ బస్సులో ఆ వీడియోలన్నీ చూసి నేను పండితుణ్ణయ్యాను. ఎదుటివాడు గుడ్డిగా రెట్టింపు చేస్తే మనం రోషానికి పోకూడదు. మన ముక్కలు మనం చూసుకోవాలి. చెత్తయితే పడేయాలి, గట్టివైతేనే నిలబడాలి. ఈ ఉపన్యాసం వినీ వినీ గణపతికి నా గొంతు వింటేనే తలనొప్పి వచ్చేది. కానీ నేను బాత్రూం బ్రష్షు పట్టి నెలలు గడిచాయి, అది మాత్రం ఎవరూ కాదనలేరు.

అలాంటి రోజుల్లో లావణ్య సంబంధం వచ్చింది. వీడియో కాల్‌లో మాట్లాడింది రెండు నిమిషాలే అయినా నేను పూర్తిగా పడిపోయాను. ఇంకెవరినీ చేసుకోనని ఇంట్లో తెగేసి చెప్పాను. చిక్కల్లా ఒక్కటే. ఆమెకు తండ్రి లేడు, మేనమామ నర్సయ్య పెంచాడు. ఆయనా సౌదీలోనే, జుబైల్లో క్రేన్ ఆపరేటరు. ఆయన ఊ అంటేనే పెళ్లి. మా వైపు గల్ఫ్ పిల్లగాడి గురించి ఊళ్లో విచారించేది సగమే. మిగతా సగం ఇక్కడి చుట్టం ఒకాయన వచ్చి, వాడుండే గదిలో కూర్చుని, తిని, చూసి, ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి.

ఒక శుక్రవారం నర్సయ్య మామ రానే వచ్చాడు. ముందు నా ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు, తీసుకుని దాంట్లో ఏసీ మెకానిక్ అనే ఉందా లేక మావాళ్లు ఇంట్లో కోతలు కోశారా అని చూశాడు. పరుపు ఎత్తి చూశాడు. ఫ్రిజ్ తెరిచి వాసన చూశాడు. రాజేశమన్న వండిన మటన్ మెచ్చుకున్నాడు. అంతా బాగానే నడుస్తుండగా ఆయన కన్ను కిటికీలో ఉన్న పేకముక్కల మీద పడింది. పందెం ఏమిటని అడిగి తెలుసుకుని, ఓడితే తానూ కడుగుతానంటూ కింద కూర్చున్నాడు.

నా లెక్క సులువైంది. మామను గెలిపించాలి, సంబంధం గెలుచుకోవాలి. కానీ మామ ప్రతి ఆటకూ పంచకముందే డబుల్ అనే రకం. నేను నా చదువు ప్రకారం ముక్కలు చూసుకుని, చెత్త వస్తే పడేశాను. ఆ తర్వాతి ఆటలోనూ పడేశాను. మామ రాజేశమన్న వైపు తిరిగి, నేను లేనట్టే నెమ్మదిగా అన్నాడు.

"పిల్లగాడు జర భయస్తుడున్నట్టున్నడు గదనే."

ఆ మాటకు నా పాండిత్యమంతా ఆవిరైపోయింది. ఓడిపోతే చాలదు, ధైర్యంగా ఓడిపోవాలని అప్పుడే తెలిసింది. ముక్కలు చూసి ఓడితే తెలివితక్కువవాడంటారు, చూడకుండా ఓడితే మొనగాడంటారు. ఇదీ నా తర్కం. మీరు నవ్వండి, ఫరవాలేదు. పంచకముందే మామ డబుల్ అన్నాడు, దాని మీద నేనింకో డబుల్ అన్నాను. ముక్కలు పడ్డాయి. రాజేశమన్న, గణపతి చూసుకుని పడేశారు. మామ కూడా చూసుకుని మీసంలో నవ్వుకున్నాడు. నేను మాత్రం ముట్టుకోకుండా శనగలు నెడుతున్నాను.

గణపతి నా మోకాలు గిల్లాడు. "ఒరే తమ్ముడూ, ఒక్కపాలి ముక్కలు సూసుకోరా బాబూ."

నేను వినలేదు. మామ తన శనగలన్నీ ముందుకు తోసి, వరసగా ఏడు, ఎనిమిది, తొమ్మిది పరిచాడు. మంచి ముక్కలు. హమ్మయ్య, ఓడిపోయాననుకుని సంతోషంగా నావి తిప్పాను. రాజు. ఇంకో రాజు. మూడోదీ రాజే. పెళ్లికి పిలిచినట్టు ముగ్గురూ కలిసి వచ్చారు. ఈ ఆటలో మూడూ ఒకటే అయితే ఎంత మంచి వరసైనా దాని ముందు దిగదుడుపే.

మళ్లీ పంచుదామని, ముక్కలు సరిగా కలపలేదని, శనగల్లో పురుగులున్నాయని ఎన్నో చెప్పాను. మామ వినలేదు, ఆట ఆటేనని ప్యాంటు మడిచాడు. ఆయనకంటే ముందు పరుగెత్తి బాత్రూంలో గడియ పెట్టుకున్నాను. బయటికి రాకపోతే ఇప్పుడే జుబైల్ బస్సెక్కుతానన్నాడు. తలుపు తీశాను. ఆయన బ్రష్షు అందుకుని, బండలు తెల్లగా మెరిసేలా రుద్దాడు. ఇంతలో పక్క గది పఠాన్ వరండాలో నిలబడి ఆ పనితనం చూసి ముచ్చటపడ్డాడు.

"చాచా, నయే క్లీనర్ ఆప్ హీ హో? ఉధర్‌వాలా భీ గందా హై."

మామను కొత్త క్లీనరనుకుని, అవతలిది కూడా కడగమంటున్నాడు. ఆ క్షణంలో నాకు లావణ్య ముఖం కళ్లముందు మెదిలి, అక్కడే మాయమైంది.

మామ చేతులు కడుక్కుని వచ్చి టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు.

"నా చేతుల ఓడిపోదామనే చూసినవు గద?"

అబద్ధం చెప్పే ఓపిక లేక అవునన్నాను.

"ఓడిపోవుడు గూడ చాతగాకపాయె నీకు. ఇగ మా పిల్లతోని మోసమేం చేస్తవు తియ్." అని ఫోన్ తీసి ఇంటికి చెప్పాడు. "అక్కా, పోరడు మంచోడే. తెలివే జర తక్కువున్నది. ఖాయం చేసుకోన్రి."

సెలవు మీద వెళ్లాను, పెళ్లయింది. కన్యాదానం వేళ తండ్రి స్థానంలో మామే పీటల మీద కూర్చున్నాడు. వరుడి కాళ్లు కడగమన్నాడు పంతులు. ఆయన చెంబు అందుకోవడం చూసి, మామ ఎక్కడ నొచ్చుకుంటాడోనని సిగ్గుతో నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. మామ వాటిని పట్టి పళ్లెంలోకి లాగాడు. పంతులు మైకు మా ఇద్దరి మధ్యే ఉంది.

"పెట్టు బిడ్డా. బాత్రూమే కడిగిన, ఇయ్యెంత?"

పందిరంతా నవ్వింది. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

కాబట్టి అగ్నిసాక్షిగా తాళి కట్టిన ఈ చేత్తోనే ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ముక్కలు చూసుకోకుండా పందెం రెట్టింపు చేయను. పిల్లనిచ్చేవాడు ఎదురుగా కూర్చుంటే మాత్రం, మూడు రాజులొచ్చినా మాట్లాడకుండా బోర్లా పడేసి, బ్రష్షు నేనే అందుకుంటాను.